అడగని పౌరసత్వానికి కృతజ్ఞతా కూడిక

నేను ఇంకా అడగనైనా అడగని పౌరసత్వం నాకు వచ్చేసిందని, దేవునికి కృతజ్ఞత చెల్లించడానికి మా మేనత్త మార్తమ్మ ఆగిరిపల్లి దగ్గర తన ఊళ్ళో నూట యాభై మందికి పలావు వండించింది. ఈ ప్రయాణంలో నాకు కోపం తెప్పించినవి చాలా ఉన్నాయి. వాటిలో నవ్వు కూడా తెప్పించింది ఇదొక్కటే కనుక దీన్ని ముందుగా చెబుతున్నాను.

ఆరేళ్ళుగా మెల్‌బోర్న్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. అక్కడ నాది శాశ్వత నివాసం. అంటే ఉండవచ్చు, పనిచేయవచ్చు, పన్ను కట్టవచ్చు. ఓటు మాత్రం వేయకూడదు. పౌరసత్వం కోరుకునే అర్హత కిందటి ఏడాదే వచ్చింది. దరఖాస్తు మొత్తం నింపి, పంపే మీట దగ్గర ఆగిపోయాను. అది మంజూరై నేను ప్రమాణం చేసిన రోజున భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. రెండూ ఒకే మనిషి దగ్గర ఉండడానికి మన చట్టం ఒప్పుకోదు.

కాలేజీలో మూడేళ్ళు డిబేట్ జట్టులో ఉన్నదాన్ని. ఏ అంశానికైనా అనుకూలంగానూ ప్రతికూలంగానూ ఒకే బలంతో వాదించగలను. ఆ విద్యే నాకు ముందరి కాళ్ళకు బంధం వేసింది. ఏడాదిపాటు రెండు పక్షాలా నేనే వాదించి, రెండు పక్షాలా నేనే గెలిచాను. చివరకు మే నెలలో పది రోజులు సెలవు పెట్టి, డిగ్రీ చదివిన నూజివీడుకు, ఆ మూడేళ్ళూ నాకు అన్నం పెట్టిన అత్తయ్య ఇంటికి బయలుదేరాను. తిరిగి విమానం ఎక్కేలోగా తేల్చుకోవాలని నాకు నేనే గడువు పెట్టుకున్నాను.

హనుమాన్ జంక్షన్

మొదటి రోజు పొద్దున గన్నవరంలో విమానం దిగి, జంక్షన్‌లో నూజివీడు బస్సు కోసం ఆగాను. ఎదురుగా హైవే మీద లారీలు వరసకట్టి ఉన్నాయి. వాటి పట్టాల కింద నుంచి మామిడి వాసన రోడ్డంతా పరుచుకుంది. ఒక పాకహోటల్లో నాలుగు ఇడ్లీ, పల్లీ చట్నీ నలభై రూపాయలు. ఆ చట్నీ మూడుసార్లు అడిగి వేయించుకున్నా ఎవరూ లెక్కకట్టలేదు. మెల్‌బోర్న్‌లో గిన్నెడు సాంబారు అదనంగా అడిగితే బిల్లులో ఇంకో గీత చేరుతుంది.

ఎదుటి బల్ల దగ్గర టీ తాగుతున్న లారీ డ్రైవరు నా పెట్టెను చూసి పలకరించాడు.

"ఏ దేశం నుంచండీ?"

"ఆస్ట్రేలియా. ఎలా కనిపెట్టారు?"

"పెట్టె చుట్టూ ప్లాస్టిక్ చుట్టుకొచ్చేది ఫారిన్‌వాళ్ళేనండీ. సిటిజన్‌షిప్ వచ్చేసిందా?"

"ఇంకా తీసుకోలేదు."

"ఇవ్వట్లేదా?"

"అడిగితే ఇస్తారు. నేనే అడగలేదు."

అతను టీ గ్లాసు కిందపెట్టాడు. "ఇస్తానన్నా తీసుకోని వాళ్ళుంటారండీ!"

ఈ ఆశ్చర్యం నాకు ఆ పది రోజుల్లో ప్రతిచోటా ఎదురైంది. పౌరసత్వం అంటే పండగ బోనస్ అన్నట్టే అందరూ మాట్లాడారు. దానికి బదులుగా ఏం వదులుకోవాలో ఒక్కరూ అడగలేదు. అతనికి మాత్రం నేనే చెప్పాను: అది తీసుకుంటే ఇది వదులుకోవాలని.

"అదేం రూలండీ? నాకు నేషనల్ పర్మిట్ ఉంది. నాగపూర్ పోతాను, ఢిల్లీ పోతాను. అక్కడికి పోవాలంటే ఆంధ్రా నెంబరు ప్లేటు పీకెయ్యమని ఎవడూ అనలేదు."

ఈ చట్టానికి వ్యతిరేకంగా నేను ఏడాదిపాటు రాసుకున్న కాగితాల్లో ఇంత సూటి వాదన ఒక్కటి లేదు. పైగా మన ప్రభుత్వం, వెళ్ళిపోయినవాళ్ళకు ఓదార్పుగా ఓసీఐ, అంటే ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా, అనే కార్డు ఒకటి ఇస్తుంది. దాని పేరులో పౌరుడన్న మాట ఉంటుంది, ఓటు ఉండదు. హక్కు లేని పౌరసత్వాన్ని పౌరసత్వమని పిలవడం కన్నా, నువ్వు పరాయిదానివని ముఖం మీద చెప్పడం మర్యాద.

బస్సు వచ్చేలోగా అత్తయ్యకు ఫోన్ చేశాను.

"వచ్చేశావా నా తల్లీ! శుక్రవారం సాయంత్రం కూడిక. పాస్టరు అయ్యగారితో మాట్లాడేశాను. షామియానా కూడా చెప్పేశాను."

"ఏం కూడిక అత్తయ్యా?"

"నీకు సిటిజన్‌షిప్ వచ్చినందుకు. నువ్వు వచ్చాకే పెడతానని రెండేళ్ళుగా ఆపుకున్నాను."

మా వాళ్ళలో వీసా వచ్చినా, ఉద్యోగం వచ్చినా, ఆపరేషన్ గట్టెక్కినా కృతజ్ఞతా కూడిక పెడతారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తారు, మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు, తర్వాత అందరికీ భోజనం. రాని మేలుకు కూడిక పెట్టిన కుటుంబం మాత్రం మాదే అయి ఉంటుంది. నేను నోరు తెరిచేలోగా కండక్టరు విజిల్ వేశాడు.

నూజివీడు

నూజివీడులో చిన్న రసాలు డజను రెండు వందలన్నారు, నూట ఎనభైకి ఇచ్చారు. మెల్‌బోర్న్‌లో మామిడిపండ్లను ఒక్కొక్కటిగా అమ్ముతారు, దేనికదే ఒక ధర. అక్కడ దాన్ని చాకుతో పలకలుగా కోసి, ఫోర్కుతో తింటారు. రసాన్ని అలా కోస్తే ఊళ్ళో ఎవరైనా పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. పండును అరచేతుల మధ్య మెత్తగా నలిపి, ముచ్చిక దగ్గర చిన్న కన్నం చేసి, పీల్చాలి. బండి పక్కన స్టూలు మీద కూర్చుని వరసగా నాలుగు పీల్చాను. ఆ జిడ్డు వేళ్ళతోనే ఫోన్ తీసి ఓటర్ల జాబితా తెరిచాను.

ఆ పని ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలి. నా ఓటు అత్తయ్య ఇంటి చిరునామాతో ఉంది. తక్కెడలో ఒకవైపు మెల్‌బోర్న్‌లో నేను కట్టుకున్న జీవితం. రెండోవైపు పెట్టడానికి నా దగ్గరున్న అసలైన బరువు ఆ ఓటే. ఈ దేశపు ప్రజాస్వామ్యంలో నాకున్న భాగం అది.

పేరు లేదు. రెండుసార్లు వెతికాను. బూత్ అధికారి ఫోన్ నెంబరు అక్కడే ఉంది. ఆవిడ అత్తయ్య ఊరి అంగన్‌వాడీ టీచరు, పేరు వెంకటలక్ష్మి. వెంటనే ఫోన్ చేశాను.

"మీరు ఊళ్ళో ఉండట్లేదని తీసేశామండీ."

"ఎవరు చెప్పారు?"

"మీ అత్తయ్యగారేనండీ. నేను ఇంటింటికీ తిరుగుతుంటే ఆవిడే పిలిచి, మా మేనకోడలు ఆస్ట్రేలియా సిటిజన్ అయిపోయిందని చెప్పారు. సంతకం కూడా పెట్టారు. లడ్డూ పెట్టి మరీ పెట్టారండీ."

"లడ్డూ సాక్ష్యమవుతుందా అండీ? నన్ను ఒక్క మాట అడగాలి కదా?"

"నోటీసు ఇచ్చానండీ."

"ఎవరికి?"

"మీ అత్తయ్యగారికే."

అక్కడ ఎన్నికల రోజు గుర్తొచ్చింది. మెల్‌బోర్న్‌లో మా వీధి బడిలో పోలింగ్ జరుగుతుంది. పౌరులు ఓటు వేయకపోతే జరిమానా కడతారు. బడి ముందు పొయ్యి పెట్టి, రొట్టెలో సాసేజ్, వేయించిన ఉల్లిపాయ చుట్టి అమ్ముతారు. నేనూ ఒకటి కొనుక్కుని ఫుట్‌పాత్ మీద నిలబడి తిన్నాను. లోపలికి వెళ్ళి వచ్చినవాళ్ళూ నేనూ ఒకే ఉల్లిపాయ వాసన వేస్తున్నాం, అంతే పోలిక. ఆ రోజు నన్ను నేను ఓదార్చుకున్నది, నా ఓటు ఇంకొకచోట భద్రంగా ఉందనుకునే. ఒక దేశం నన్ను ఇంకా చేర్చుకోలేదు. ఇంకొకటి నాకు చెప్పకుండానే తీసేసింది. ఆ కోపంలో అత్తయ్య ఇంటికి వెళ్ళబుద్ధి కాక, నూజివీడులోనే లాడ్జి తీసుకుని, బూత్ అధికారి మీద రెండు పేజీల ఫిర్యాదు రాశాను. అందులో "సహజ న్యాయ సూత్రాలు" అన్న మాట మూడుసార్లు వచ్చింది.

రెడ్డిగూడెం

మర్నాడు వెళ్ళేసరికి అత్తయ్య ఇంట్లో లేదు. రెడ్డిగూడెం దగ్గర ఆవిడకు మూడెకరాల మామిడి తోట ఉంది. కోత నడుస్తోంది, కూడికకు పండ్లు తేవడానికి అక్కడికి వెళ్ళింది. ఎయిడెడ్ స్కూల్లో టీచరుగా రిటైరైన మనిషి. గొడుగు వేసుకుని చెట్ల మధ్య కూలీలను క్లాసులో పిల్లల్లా అదిలిస్తూ కనిపించింది.

"అత్తయ్యా, నా ఓటు తీసేయించావు."

"వచ్చీ రాగానే ఏంటే ఈ గోల? అక్కడ ఇచ్చారుగా ఓటు!"

"ఇవ్వలేదు. నాకు వచ్చింది అక్కడ ఉండడానికి అనుమతి. పౌరసత్వానికి నేనింకా దరఖాస్తే పెట్టలేదు."

"రెండేళ్ళ కింద ఫోన్ చేసి, ఇక ఏ భయమూ లేదు అత్తయ్యా, ఖాయమైపోయింది అన్నావా లేదా?"

"అన్నాను."

"మరి? మా స్కూల్లో నా పోస్టు ఖాయమయ్యాక పెన్షన్ దాకా అన్నీ దాని వెనకే వచ్చాయి. మళ్ళీ ఏదీ అడుక్కోలేదు. ఖాయం చేసి కూడా సగమే ఇచ్చే వాళ్ళుంటారని నాకేం తెలుసు?"

అప్పుడు కూడా నాకు కోపమే. కానీ ఆ మాటలో తర్కదోషం ఎక్కడుందో వెంటనే పట్టుకోలేకపోయాను.

చెట్ల కింద కోతకాయ ట్రేలలోకి ఎక్కుతోంది. కాయలు ఏరి సర్దుతున్న సుందరమ్మ అత్తయ్య ఊరిదే, వాళ్ళ చర్చి మనిషి. అరవై దాటి ఉంటుంది. ఉక్రోషంలో ఏదో ఒకటి చేయాలని, చేతికందిన కొమ్మ నుంచి ఒక కాయ పట్టి లాగాను. ముచ్చిక ఊడిపోయి సొన చివ్వున చిమ్మి నా గడ్డం మీద పడింది.

"అయ్యో కరుణమ్మా! ముచ్చిక ఉంచి కొయ్యాలమ్మా. ఊడబెరికితే కాయ అక్కడే కుళ్ళుద్ది, నీ మొహమూ కాలుద్ది." సుందరమ్మ కొంగు తడిపి తుడిచింది. తుడిచినా మచ్చ పడింది.

అత్తయ్య ఆ గోలేమీ పట్టించుకోకుండా కౌలుదారు రంగారావు గారి దగ్గరికి వెళ్ళింది. "రంగారావుగారూ, కూడికకు రెండు ట్రేలు రసాలు కావాలండీ."

"మీ తోటే కదండీ టీచరుగారూ, కోయించుకోండి."

"అడక్కుండా కోస్తే మీరు ఊరుకుంటారా?"

"ఊరుకోనండీ," అని ఆయన నవ్వాడు.

ఈ ప్రాంతంలో తోటను పూత మీద ఇచ్చేస్తారు. పూత చూసి బేరం కుదిరాక కాపంతా కౌలుదారుది. కాపలా, మందులు, కోత, అమ్మకం అన్నీ అతనివే. చెట్టు మాత్రం యజమానిది. తన చెట్టు కింద నిలబడి ఒక్క పండు కోసుకోవాలన్నా యజమాని కౌలుదారును అడగాలి.

"ఏడాదంతా చూసుకునేది మీరు కదండీ. తోట మీదే అనిపించదా?" అని రంగారావు గారిని అడిగాను.

"పదకొండేళ్ళమ్మా ఈ తోటలో. ఏ కొమ్మ ముందు పూస్తుందో టీచరుగారి కంటే నాకే తెలుసు." ఆయన గట్టు వైపు చెయ్యి చూపించాడు. అక్కడ తుఫానుకు పడిపోయిన రెండు చెట్ల గుంటలు ఖాళీగా ఉన్నాయి. "అక్కడ రెండు మొక్కలు పెట్టాలంటే మాత్రం చెయ్యి రాదు. అవి కాసేనాటికి ఇక్కడుండేది నేనో, ఇంకొకడో."

"పెట్టమని నాలుగేళ్ళుగా చెప్తున్నా వినడు," అంది అత్తయ్య.

"చెప్తారు. రాసివ్వరుగా!"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మెల్‌బోర్న్‌లో మా పేటకు బస్సు రాత్రి ఏడుకే ఆగిపోతుంది. ల్యాబ్ నుంచి ఆలస్యంగా వచ్చే ఆడవాళ్ళం చీకట్లో అరగంట నడుస్తాం. దాని గురించి పిలిచిన సభకు పొరుగావిడ రమ్మంటే, నేను ఓటరును కాదు కదా అని తప్పించుకున్నాను. ఆరేళ్ళు ఆ ఊరి కాపు తిన్నాను. గుంటలు చూస్తూనే ఉన్నాను.

ఆగిరిపల్లి

శుక్రవారం సాయంత్రం అత్తయ్య ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో చాపలు. చికెన్ పలావు, పెరుగు చట్నీ, గోంగూర, చివరగా పండ్లు. పక్కింటి హిందూ కుటుంబం కొత్త పంపు మీద బిందెలకు బిందెలు నీళ్ళు పట్టి పంపింది. మెల్‌బోర్న్‌లో ఇంటికి నలుగురిని భోజనానికి పిలవాలంటే మూడు వారాల ముందు సందేశం పెట్టి, ఎవరేం తినరో అడిగి రాసుకుంటాం. ఇక్కడ పిలవనివాళ్ళు వచ్చినా ఆకు వేశారు. వచ్చిన ప్రతివారూ నా చెయ్యి పట్టుకుని "వందనాలమ్మా, దేవుడు నిన్ను హెచ్చించాడు" అన్నారు. నా గడ్డం మీద సొన మచ్చ అప్పటికి నల్లబడింది.

అయ్యగారు ప్రార్థన ముగించి మైకు నా చేతికిచ్చారు. "మన సహోదరి కరుణ గారు సాక్ష్యం చెబుతారు."

అత్తయ్య కొత్త చీరలో ముందు వరసలో కూర్చుంది. ఇరవై నిమిషాల కిందట వంటగదిలో నా రెండు చేతులూ పట్టుకుని "నలుగురిలో నా పరువు తీయకే" అంది. అబద్ధపు సాక్ష్యం చెప్పనా అని నేనడిగితే చేతులు వదిలేసి గిన్నెల వైపు తిరిగింది. టీచరుగా జీవితమంతా అబద్ధం చెప్పినవాళ్ళను బెంచీ ఎక్కించిన మనిషి.

నిజమే చెప్పాను. నాకు పౌరసత్వం రాలేదని, ఇంకా అడగలేదని. నేను అడిగితే ఈ దేశం నా పేరు కొట్టేస్తుందని, కానీ అడగకముందే కొట్టేశారని. మనిషి బతికుండగా ఆమెను అడగకుండా ఆమె హక్కు తీసేయడం తప్పని, అది ప్రేమతో చేసినా తప్పేనని. నా గొంతు పెరిగింది. పోటీల్లో చివరి నిమిషంలో పెరిగినట్టే పెరిగింది. "నా ఓటు నా ఉనికి" అని కూడా అన్నాను.

ఎవరూ ఆమెన్ అనలేదు. అత్తయ్య తల దించుకుంది. అయ్యగారు మైకు కోసం చెయ్యి చాచారు.

అప్పుడు చాప మీద నుంచి సుందరమ్మ అడిగింది. "అది సరేగానీ కరుణమ్మా, ఇక్కడ నువ్వు ఓటు ఎన్నిసార్లు వేశావు?"

ప్రశ్నలో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

నాకు ఓటు వచ్చాక మొదటి ఎన్నికల రోజున నేను విశాఖపట్నంలో ఉన్నాను, కాలేజీల డిబేట్ పోటీలో. అంశం: యువత రాజకీయాలను పట్టించుకోవాలి. అనుకూలంగా మాట్లాడి కప్పు గెలిచాను. ఆ కప్పు ఇంకా అత్తయ్య బీరువా మీద ఉంది. రెండోసారి మెల్‌బోర్న్‌లో ఉన్నాను.

"ఒక్కసారీ వేయలేదు," అన్నాను. ఆ మాట మైకులో చాలా పెద్దగా వినిపించింది.

"నేను ఒక్కటీ వదల్లేదమ్మా. కోతరోజైనా సరే, కూలి పోయినా సరే. నాదీ ఒకసారి కొట్టేశారు. ఇంటికి తాళం ఉందని రాశారంట. తాళం ఎందుకుండదు, తోటలో ఉంటే? మూడుసార్లు తిరిగి ఎక్కించుకున్నాను." ఆమె లేచి మోకాళ్ళు దులుపుకుంది. "నువ్వు బాధపడమాకు. ఎక్కడుంటే అక్కడ వెయ్యి. వెయ్యి మాత్రం."

ఆ మాటకు అందరూ ఆమెన్ అన్నారు. అయ్యగారు దాన్ని అదునుగా తీసుకుని, ఇంకా రాని మేలు కోసం కూడా ముందుగా కృతజ్ఞత చెప్పవచ్చని ఒక ప్రార్థన చేసి, మా అత్తయ్య పరువును నిలబెట్టారు.

భోజనాల దగ్గర వెంకటలక్ష్మి గారు పళ్ళెం పట్టుకుని నా పక్కకు వచ్చారు. సన్నటి మనిషి, భుజానికి ఫారాల సంచి.

"నా మీద కంప్లయింటు రాశారని మీ అత్తయ్యగారు చెప్పారండీ."

"రాశాను. ఇంకా ఇవ్వలేదు."

ఆవిడ ఎడమ చేత్తో సంచిలోంచి ఒక ఖాళీ ఫారం తీశారు. "దీని మీద సంతకం పెట్టండి, మళ్ళీ చేరుస్తాను. నివాసం ఇక్కడే అని రాయండి. మీ అత్తయ్యగారు ఉన్నారుగా, ఎవరూ అడగరు."

కలం తీశాను. కింద అచ్చులో ఒక వాక్యం ఉంది: నేను సాధారణంగా పై చిరునామాలో నివసిస్తున్నానని ప్రకటిస్తున్నాను. విదేశాల్లో ఉన్నవాళ్ళకు వేరే ఫారం ఉందని నాకు తెలుసు. దానితో చేరినా, ఓటు రోజున మనిషి స్వయంగా ఇక్కడికి రావాలి.

"వేరే ఫారమైతే నిజమే రాయొచ్చు కదండీ," అన్నాను.

"రాయొచ్చండీ. కానీ ఆ రోజు మీరే వచ్చి వేలు చాపాలి. వస్తారా?"

వస్తానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆరేళ్ళలో నేను వచ్చింది ఇదే మొదటిసారి. అత్తయ్య మోకాలికి ఆపరేషనైనప్పుడు కూడా రాలేదు. రెండు రోజులుగా అబద్ధపు ప్రకటన అని మండిపడుతున్నదాన్ని, ఇప్పుడు నా చేత్తో ఒకటి చేయలేకపోయాను. ఫారం తిరిగి ఇచ్చేశాను.

ఆవిడ దాన్ని మడతపెట్టలేదు. తలెత్తి, "సుందరమ్మా, మీ మనవరాలికి పద్దెనిమిది నిండాయన్నావు కదా, పిలువు" అని కేకేశారు. ఆ పిల్ల చెయ్యి కడుక్కుని వచ్చి, నా కలంతోనే తన పేరు రాసింది.

తిరిగి వచ్చాక

ఒక్క మామిడిపండైనా ఆ దేశంలోకి రానివ్వరని ఎంత చెప్పినా వినకుండా అత్తయ్య డజను రసాలు కట్టి ఇచ్చింది. గన్నవరం విమానాశ్రయం బయట బెంచీ మీద కూర్చుని ఐదు పీల్చాను. మిగిలినవి ఆటో అతనికి ఇచ్చాను. ఫిర్యాదు చించి, ఆ కాగితాలతోనే చేతులు తుడుచుకున్నాను.

నా కోపం అంతటితో పోలేదు. ఒక మనిషికి రెండు ఊళ్ళ మీద ఉన్న ప్రేమను నేరంగా చూసే చట్టం తప్పని ఇప్పటికీ అంటాను. ఓటివ్వకుండా పౌరుడని పిలిచే కార్డు తప్పని ఇప్పటికీ అంటాను. పన్ను తీసుకుని మాట తీసుకోని దేశాన్నీ తప్పుపడతాను. కానీ నా పేరుకు జరిగిన అన్యాయమని నేను మోసుకెళ్ళిన బరువు, ఒక్కసారీ వాడని ఓటు. వాదానికి ఆధారంగా తప్ప దాన్ని నేనెప్పుడూ చేత్తో ముట్టలేదు.

మెల్‌బోర్న్ చేరిన మూడో రోజున దరఖాస్తు పంపే మీట నొక్కాను. ఆ వారమే బస్సు గురించి పెట్టిన సభకు వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. ఆదివారం అత్తయ్యకు ఫోన్ చేసి చెప్పాను.

"అయితే ఇప్పుడు నిజంగా వచ్చేసినట్టేనా?"

"ఇంకా లేదు అత్తయ్యా. ఇప్పుడు అడిగాను."

"అయితే ఇక్కడ నీది పోయినట్టే కదే."

"ఇస్తే, పోతుంది."

"సరే. ఇచ్చాక చెప్పు. ఈసారి పలావు ఖర్చు నీది. సాక్ష్యం మాత్రం నీ చేత చెప్పించను తల్లీ, సుందరమ్మ చేత చెప్పిస్తాను."

సుందరమ్మ సాక్ష్యం చెప్పదు. చాప మీద కూర్చుని, ఎన్నిసార్లు వేశావని అడుగుతుంది. ఆ రోజుకు నా దగ్గర ఒక అంకె ఉండాలి.